చెప్పువాని లక్షణము: వ్యాపార సలహాలను గూర్చి ఒక విచారణ

మనకు తెలిసిన విషయములలో మనము స్వయముగా చూచి తెలిసికొన్నవి మిక్కిలి తక్కువ. మనము పుట్టిన తేదీ మొదలుకొని భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదను సత్యము వరకు అధిక భాగము ఇతరులు చెప్పగా విని నమ్మినవే. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. విని నమ్మకున్నచో లోకవ్యవహారము ఒక్క దినమైనను సాగదు. కావుననే మన ప్రాచీనులు వినికిడిని త్రోసిపుచ్చలేదు. దానికి కొలతలు ఏర్పరచినారు. గౌతముని న్యాయసూత్రములు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పి, శబ్దమనగా ఆప్తుని ఉపదేశమని నిర్ణయించినవి. ఆప్తుడెవ్వడు? భాష్యకారుడైన వాత్స్యాయనుని వివరణ సారాంశమిది: విషయమును సాక్షాత్తుగా ఎరిగినవాడు, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పవలెనను కోరిక గలవాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమే అనికూడ ఆయన చేర్చినాడు. ఒకప్పుడు ఆ మూడవ పేరుతో పిలిపించుకొన్నవారము గనుక మాకు ఈ చివరి మాట మీద అభిమానము కొంచెము ఎక్కువ.

ఇక్కడ గమనింపవలసినది, గుణములు రెండు అనునది. తెలివి ఒకటి, నిజాయితీ వేరొకటి. ఒకటి ఉన్నంత మాత్రమున రెండవది ఉండితీరవలెనని లేదు.

హదీసు శాస్త్రజ్ఞులు కూడ వేరొక త్రోవన నడచి ఇంచుమించు ఇదే నిర్ణయమునకు వచ్చినారు. ప్రవక్త (స) వారి మాటగా ఒకడు ఒక వాక్యమును చెప్పినచో, ఆ వాక్యము ఎంత అందముగా ఉన్నదని వారు చూడలేదు. నీకెవరు చెప్పినారు, ఆయనకెవరు చెప్పినారు అని గొలుసు పట్టుకొని వెనుకకు నడచినారు. ఆ గొలుసునకు ఇస్నాద్ అని పేరు. అందలి ప్రతి రావీ యందు, అనగా ప్రతి ఉల్లేఖకుని యందు, రెండు గుణములు వెదకినారు: అదాలత్, అనగా శీలము, జబ్త్, అనగా విన్నదానిని తప్పులేక నిలుపుకొను శక్తి. రాత్రులెల్ల నమాజులో గడపిన ధర్మాత్ములను కూడ జ్ఞాపకశక్తి చాలదని నిర్మొగమాటముగా ప్రక్కకు పెట్టినారు. ఈ పరీక్ష కొరకే వేలాది వ్యక్తుల జీవితములను శోధించి ‘అస్మా-ఉర్-రిజాల్’ అను శాస్త్రమునే నిర్మించినారు. పదునైదవ శతాబ్దపు పండితుడు ఇబ్న్ హజర్ అస్కలానీ ఈ విషయముపై రచించిన ‘తహ్జీబ్-ఉత్-తహ్జీబ్’ పండ్రెండు సంపుటములుగా ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ముద్రింపబడినది కైరోలో కాదు, మన హైదరాబాదులో. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దానిని ప్రకటించినది. ఆ సంస్థ ఇప్పటికిని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఉన్నది. మన విద్యార్థులు ఆ భవనము ప్రక్కనుండియే పరీక్ష ఫీజు కట్టుటకు పోవుచుందురు.

ఇంత ఉపోద్ఘాతము ఎందుకనగా, వాక్యమునకు ముందు వక్తను పరీక్షించు విద్య మనకు రెండు వైపులనుండియు పిత్రార్జితముగా వచ్చినది. ధనము విషయములో మాత్రము మనము దానిని పెట్టెలో పెట్టి తాళము వేసినాము. నెలకు లక్ష సంపాదించు మార్గము చెప్పెదనని ఒకడు ఫోనులో కనిపించినంతనే, వాడు కూర్చున్న కుర్చీని, వెనుక నిలిపిన కారును చూచి ఆప్తుడని తీర్మానించుచున్నాము. అది వాని కారే అని కూడ మనకు తెలియదు.

ముందుగా ఈము పక్షుల కథ. ఇది మన రాష్ట్రముల రైతులు అనుభవించినది గనుక కొంత తీరికగా చెప్పవలెను.

ఈము ఆస్ట్రేలియా దేశపు పక్షి. ఎగురలేదు. నిప్పుకోడి తరువాత అంత ఎత్తైనది. ఇది 1990ల చివర భారతదేశమునకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, మహారాష్ట్రలలో దీని పెంపకము వ్యాపించినది. సలహాదారులు చెప్పిన మాటలు ఇవి: మాంసమునకు కొవ్వు తక్కువ గనుక నగరములలో గిరాకీ ఉండును, నూనె కీళ్లనొప్పులకు దివ్యౌషధము, చర్మము, ఈకలు, గ్రుడ్డు పెంకులు సయితము అమ్ముడుపోవును, వ్యాధులు అంటవు, మెట్ట భూమిలో కూడ పెంచవచ్చును. ఈ మాటలలో కొన్ని నిజములు లేకపోలేదు. మాంసములో కొవ్వు తక్కువే. నూనె తీయవచ్చును. అబద్ధము ఒక్కొక్క వాక్యములో కాక, చెప్పక విడిచిన వాక్యములో ఉన్నది. కొనువాడెవ్వడు?

ఆ దినములలో ఈము పిల్లలను కొన్నవారు ఎక్కువగా తినదలచినవారు కారు, పెంచదలచినవారు. పెంచినవాడు పిల్లలను అమ్మినది మరల పెంచదలచిన వేరొకనికి. ఇప్పుడొక చిన్న లెక్క వేయుదము. ఒక జత ఏడాదికి ఇరువది పిల్లల నిచ్చినదని అనుకొందము. ఇది సలహాదారులు చెప్పిన సంఖ్యకంటె తక్కువే. ఇరువది పిల్లలనగా పది జతలు. మన జత పిల్లలు అమ్ముడుపోవలెనన్నచో పదిమంది క్రొత్త పెంపకందార్లు కావలెను. వారి పిల్లలు అమ్ముడుపోవుటకు నూరుమంది, వారివి అమ్ముడుపోవుటకు వేయిమంది. ఆరవ మెట్టున పది లక్షల మంది కావలెను. మధ్యలో ఎక్కడనో ఒకచోట ఎవడో ఒకడు ఈ పక్షిని కోసి, వండి, తిని, డబ్బిచ్చి బాగున్నది అని మరల రాకున్నచో, ఆ మెట్టున నిలుచున్నవాడు నిండా మునుగును. ఈ లెక్కకు పట్టభద్రుడు కానక్కరలేదు. అయిదవ తరగతి గుణకారము చాలును.

అమెరికాలో 1990ల ఆరంభమున ఇదే పక్షి జత వేలాది డాలర్లు పలికినది. ఆ దశాబ్ది ముగియులోపల కొనువారు లేక ధర పడిపోయి, టెక్సాసు వంటి చోట్ల యజమానులు పక్షులను బయటికి తోలినారు. అనగా మన రైతు అప్పు చేసి కంచె వేయునాటికే ఆ నాటకము ఒకచోట ఆడి ముగిసినది. మన సలహాదారు దానిని ఎరుగడా? ఎరుగకున్నచో వాడు మొదటి గుణము లేనివాడు. ఎరిగియు చెప్పకున్నచో రెండవది లేనివాడు. మూడవ దారి లేదు.

తమిళనాడులో ఈరోడు జిల్లా పెరుందురై కేంద్రముగా సుసి ఈము ఫారమ్స్ అను సంస్థ ఈ పెంపకమునకు ఇంకొక మెరుగు పెట్టినది. పెట్టుబడి పెట్టినవానికి పక్షులు, మేత సంస్థయే ఇచ్చును. పైగా నెలనెలా సొమ్ము, ఏడాదికొక బోనసు. సినిమా తారలు ప్రకటనలలో కనిపించినారు. 2012 ఆగస్టులో చెల్లింపులు ఆగినవి. సంస్థ యజమానికి తరువాత కోయంబత్తూరు ప్రత్యేక న్యాయస్థానము కారాగార శిక్ష విధించినది. ఆకలితో అలమటించు పక్షులకు ప్రభుత్వ పశుసంవర్ధక శాఖవారు మేత వేయవలసివచ్చినది. మన తెలుగు జిల్లాలలో కూడ అప్పు తీరని షెడ్లు మిగిలినవి. దొంగతనముగాని, దివాలాగాని తలపెట్టక, మేలు చేయుచున్నామనియే నమ్మి సలహా చెప్పినవారు కూడ ఆ వ్యవహారములో కొందరుందురు. రైతునకు కలిగిన నష్టము మాత్రము రెండు విధములను ఒక్కటే.

ఈ కథనుండి మనకు ఒక ప్రశ్న లభించుచున్నది. సలహా చెప్పువాడు ఆ సలహాను ఆచరించుట వలన బ్రతుకుచున్నాడా, దానిని అమ్ముట వలన బ్రతుకుచున్నాడా? ఈము వ్యవహారములో లాభపడినది పక్షిని పెంచినవాడు కాదు, పెంపకమును బోధించి పిల్లలనమ్మినవాడు. ఒక ఉపన్యాసకుడు మనిషికి అయిదువేల రూపాయల చొప్పున రెండువేల మందికి వ్యాపార రహస్యములు బోధించినచో అతనికి కోటి రూపాయలు ముట్టినవి. ఆ రహస్యములు పనిచేసినను, చేయకున్నను ఆ కోటి కోటియే. అతడు నిజముగా వ్యాపారవేత్తయే. కాని అతని వ్యాపారము మనమే. ఇస్లామీయ ధర్మశాస్త్రమున ఒక నియమమున్నది: సాక్ష్యము చెప్పుట వలన తనకు లాభము చేకూరునట్టివాని సాక్ష్యము చెల్లదు. వాడు అబద్ధికుడని కాదు. వాని నాలుక ఎటు మొగ్గునో వానికే తెలియదని.

రెండవ రంగము షేర్ మార్కెట్టు. ఇది నేడు మన తరగతి గదిలోనికే వచ్చినది. వెనుక బల్లలపై కూర్చున్నవారు పాఠము నడుచుచుండగా బల్ల క్రింద దేనిని చూచుచున్నారో మాకు తెలియదని వారి అభిప్రాయము. మంచి సంస్థల వాటాలను కొని ఏండ్ల తరబడి ఉంచుకొనుట వేరు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అను ఒప్పందములలో గంటల లెక్కన పందెము వేయుట వేరు. సలహాదారులు రెంటికిని ‘మార్కెట్టు’ అను ఒక్క పేరే పెట్టి, మొదటిదాని గౌరవమును రెండవదానికి తొడుగుచున్నారు. రెండవదానిలో ఒకని లాభము మరొకని నష్టము. అదికాక బ్రోకరు రుసుము, పన్నులు ఇరువురినుండియు పోవును. కావున ఆడువారి సొమ్ము మొత్తముగా చూచినచో ఎప్పుడును కొంత తరుగుచునే ఉండును.

సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనములో 2021–22 నుండి 2023–24 వరకు మూడేండ్ల లెక్కలున్నవి. ఈ ఒప్పందములలో దిగిన కోటికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారు. నష్టపోయినవారి సగటు నష్టము సుమారు రెండు లక్షల రూపాయలు. అందరి నికర నష్టము కలిపి 1.8 లక్షల కోట్లకు పైమాట. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభము కన్నవారు నూటికి ఒక్కడు. 2023–24లో ఈ ఆటలోని వ్యక్తులలో ముప్పది ఏండ్ల లోపువారు 43 శాతము. అంతకు ముందు సంవత్సరము 31 శాతమే. ఆ సొమ్ము ఎక్కడికి పోయినది? ఖర్చులు లెక్కింపక ముందు, ఆ ఒక్క 2023–24లో సొంత ఖాతాపై వ్యాపారము చేయు సంస్థలు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు సుమారు 28 వేల కోట్లు లాభము గడించినవి. అందులో అత్యధిక భాగము కంప్యూటర్లు స్వయముగా నడపు క్రయవిక్రయముల వలన వచ్చినది. అనగా ఫోను పట్టుకొన్న మన డిగ్రీ విద్యార్థికి ఎదుట కూర్చున్నది మరియొక విద్యార్థి కాదు, రెప్పపాటులో వేయి లెక్కలు వేయు యంత్రము. 2024–25 సంవత్సరమునకు గూడ సెబీ లెక్క చూచినది. నూటికి 91 మందికి నష్టమే.

ఇన్ని అంకెలు బహిరంగముగా ఉండగా యువకులు ఎట్లు నమ్ముచున్నారని అడుగవచ్చును. ఇందుకొక కారణము, ‘ఆయన చెప్పినదెల్ల జరిగినది, మేము కన్నులార చూచినాము’ అను అనుభవము. ఈ అనుభవమును తయారుచేయుట ఎంత తేలికయో చూడుడు. ఒకడు 6,400 మంది ఫోను నంబర్లు సంపాదించి, సగము మందికి రేపు ధర పెరుగుననియు, సగము మందికి తగ్గుననియు సందేశము పంపినాడు. మరునాడు ఏది నిజమైనదో ఆ 3,200 మందిని మాత్రము ఉంచుకొని మరల అట్లే చేసినాడు. 1,600, 800, 400, 200, 100. ఆరు దినములైన తరువాత, వరుసగా ఆరుమార్లు తప్పక చెప్పిన మహానుభావునిగా అతనిని ఎరిగినవారు నూరుమంది మిగిలినారు. ఆ నూరుమంది అబద్ధమాడుట లేదు. చూచినదే చెప్పుచున్నారు. మిగిలిన 6,300 మంది ఏమి చూచిరో వారికి తెలియదు, అంతే. గర్భిణికి కొడుకని నోటితో చెప్పి, గోడమీద రహస్యముగా కూతురని వ్రాసిన పాతకాలపు జోస్యుని కథ మన పల్లెలలో అందరు ఎరిగినదే. ఆ గోడ ఇప్పుడు టెలిగ్రామ్ బృందమైనది. తప్పిన జోస్యము తుడిపివేయబడును, ఫలించినది మెరుగుపెట్టబడును.

చట్టము ఇక్కడ పూర్తిగా నిద్రించుట లేదు. ప్రతిఫలము పుచ్చుకొని పెట్టుబడి సలహా ఇచ్చువారు సెబీ వద్ద నమోదు కావలెనని 2013లోనే నిబంధనలు వచ్చినవి. నమోదు లేని సలహాదారులతో బ్రోకర్లు మొదలగువారు సంబంధము పెట్టుకొనరాదని 2024లో కట్టుదిట్టము చేసినారు. ఏలయనగా తన శిష్యులచేత ఖాతాలు తెరిపించి బ్రోకరు వద్ద కమీషను తినుట ఈ గురువుల జీవనాధారములలో ఒకటి. శిష్యుడు గెలిచినను, ఓడినను ఆడినంతకాలము కమీషను వచ్చుచునే ఉండును. దీనికి విరుగుడుగా చాలమంది సలహాదారు అను మాట విడిచి ‘నేను అధ్యాపకుడను, విద్య మాత్రమే చెప్పుచున్నాను’ అనుట మొదలుపెట్టినారు. అధ్యాపక వృత్తిలో ఉన్నవారముగా మాకు ఇందువలన కలిగిన అవమానము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మూడవది. ఇది చెప్పుట మాకు సులభము కాదు, కాని ఈ సంచికలో కాక వేరెక్కడ చెప్పుదుము?

బెంగళూరులో 2006లో ఒక సంస్థ వెలసినది. దాని పేరు ఐ మానిటరీ అడ్వయిజరీ. అనగా పేరులోనే ‘సలహా’ ఉన్నది. వడ్డీ లేని హలాల్ రాబడి యని చెప్పి నెలనెలా లాభము పంచినది. 2019 జూన్‌లో యజమాని దుబాయికి పారిపోయినాడు. జూలైలో తిరిగివచ్చి ఢిల్లీలో అరెస్టయినాడు. నాలుగు వేల కోట్ల రూపాయల మోసమని దర్యాప్తు సంస్థలు లెక్కగట్టినవి. హైదరాబాదు కేంద్రముగా నడచిన హీరా గ్రూపు వ్యవహారములో అధిపతి 2018 అక్టోబరులో అరెస్టయినారు. ఏడాదికి 36 శాతమునకు పైగా రాబడి ఆశ చూపి అయిదు వేల కోట్లకు మించి వసూలు చేసినారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు అభియోగము. న్యాయస్థానములలో నడచుచున్న విషయముల దోషాదోషములు నిర్ణయించుట మా పని కాదు. మా దృష్టి వారి మీదకంటె మన మీద ఎక్కువ. మనవారు ఏమి అడిగినారు, ఏమి అడుగలేదు?

మనవారు శీలమును గూర్చి అడిగినారు. నమాజీయేనా, ధర్మములు చేయునా, మదరసాలకు చందా ఇచ్చునా, ఫలానా పెద్దమనిషి ప్రక్కన కూర్చున్నాడా అని చూచినారు. చూచి, అవునని తెలిసికొని, కువైట్‌లోను, రియాద్‌లోను చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును, విడాకులు పొందిన ఆడబిడ్డల మెహ్ర్ సొమ్మును, కూతురి పెండ్లికని దాచిన బంగారమును తెచ్చి పోసినారు. అదాలత్‌ను పరీక్షించినామని అనుకొన్నారు. వారు చూచినది అదాలత్ యొక్క వేషమేమో. అది అట్లుండనిమ్ము. జబ్త్‌ను గూర్చి, అనగా లెక్కను గూర్చి, ఒక్కరును అడుగలేదు. పూర్వపు ముహద్దిసులు ధర్మాత్ముని కూడ లెక్క చాలదని త్రోసివేసిన ఆ సగము విద్యను మనము మరచినాము.

లెక్క ఏమిటి? ఏడాదికి 36 శాతము చొప్పున లాభమును మరల అందులోనే ఉంచినచో లక్ష రూపాయలు పదేండ్లలో ఇరువదియొక్క లక్షలు దాటును. ఇట్టి లాభము నిజముగా తెచ్చు వ్యాపారి అందులో మూడవవంతు ఖర్చుతో బ్యాంకునుండి సొమ్ము తెచ్చుకొనవచ్చును. విధవరాలి గాజులు అతనికెందుకు? ఈ ప్రశ్నకు సమాధానము కూడ సిద్ధముగా ఉండును: బ్యాంకు వడ్డీ హరామ్ గనుక మీ వద్దకు వచ్చినాము అని. చూడుడు, మన మతవిశ్వాసమే ఇక్కడ మన నోరు మూయు గుడ్డయైనది.

కాని ఆ సమాధానమును శాస్త్రముతోనే ఎదుర్కొనవచ్చును. ఒకడు ధనము, ఒకడు శ్రమ పెట్టి చేయు భాగస్వామ్యమునకు ఫిఖ్‌హ్‌లో ముజారబత్ అని పేరు. అందు లాభము వచ్చినచో ముందుగా నిర్ణయించుకొన్న పాళ్లలో పంచుకొందురు. నష్టము వచ్చినచో, నడపువాని తప్పు లేనంతవరకు, ధనము పెట్టినవాడే భరించును. పెట్టిన మూలధనముపై ఇంత శాతము నెలనెలా తప్పక వచ్చునని హామీ ఇచ్చినంతనే అది ముజారబత్ కాకుండపోవును. అందువలన ‘తప్పని లాభము’, ‘హలాల్’ అను రెండు మాటలు ఒకే నోట వచ్చినచో అందులో ఏదియో ఒకటి అసత్యము. ఈ మాట తెలియుటకు ముఫ్తీ కానక్కరలేదు. ధర్మశాస్త్ర ప్రవేశ గ్రంథములలోనే ఉన్నది. చెప్పవలసిన కొందరు పెద్దలు చెప్పలేదు. అదే మాకు బాధ.

ఇంత ప్రశ్నించినచో ఇక వ్యాపారమే చేయలేమని కొందరనవచ్చును. అది నిజము కాదు. లాడ్‌బజారు గాజుల దుకాణములలోను, బేగంబజారు టోకు కొట్లలోను వ్యాపారము నేర్చినవారు ఉపన్యాసములు విని నేర్వలేదు. కొంతకాలము కొట్టు ఊడ్చి, సరుకు మోసి, ఖాతా వ్రాసి నేర్చినారు. అట్టి కొట్టులో యజమాని ఇచ్చు సలహాను గమనించినచో దాని స్వరూపమే వేరు. అది చిన్నదిగా ఉండును: ‘ఫలానా ఊరివానికి అప్పు పెట్టకు’, ‘రంజాన్ సరుకు షబ్-ఎ-బరాత్ లోపల తెచ్చుకో’. అందులో వద్దు అను మాట ఎక్కువ. తాను ఏ సంవత్సరము ఎంత పోగొట్టుకొన్నదియు అతడు అడుగకయే చెప్పును, ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టునంతగా. విద్యార్థులు ఒక పని చేసి చూడవలెను. తమకు నచ్చిన ఏ వ్యాపార గురువు ఉపన్యాసమునైనను తీసికొని, అందులో అతడు తన నష్టమును రూపాయలలో చెప్పిన చోటును గుర్తింపవలెను. బాల్యములోని పేదరికము లెక్కలోనికి రాదు. అది కథలో మొదటి అంకము, అందరును చెప్పుదురు. సలహాను ఆచరించిన తరువాత వచ్చిన నష్టము కావలెను.

మన పెంపకములో ఒక చిక్కు ఉన్నది. పెద్దలను ప్రశ్నించుట బేఅదబీ యని నేర్చినాము. సభలో లేచి ‘అయ్యా, మీ ఆదాయపు పన్ను పత్రములు చూపుదురా’ అని అడుగుటకు మన నాలుక తిరుగదు. గౌరవము మంచిదే. కాని సుమతీ శతకములో ఎవరు చెప్పినను వినుమనియు, విన్నంతనే తొందరపడవద్దనియు, నిజానిజములు తేల్చుకొనుమనియు చెప్పు పద్యము మన పిల్లలకు కంఠస్థమే గనుక ఇక్కడ వ్రాయ పనిలేదు. ఖుర్ఆనులో హుజురాత్ అధ్యాయము, విశ్వసింపదగనివాడు వార్త తెచ్చినచో విచారించుకొనుమని, లేనిచో తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడుదురని హెచ్చరించుచున్నది. హాని కలుగునది విన్నవానికే కాదు, ఇతరులకు అని గమనింపవలెను.

మా విద్యార్థులకు ఈ విషయము ఇతరులకంటె ఎక్కువగా వర్తించును. మీలో అనేకులు ఇంటిలో కళాశాల ముఖము చూచిన మొదటివారు. మేనమామ గల్ఫునుండి ఫోను చేసి, ‘బేటా, నీవు బి.కాం. చదువుచున్నావు కదా, ఇందులో వేయవచ్చునా?’ అని అడుగును. మీరు ఊ అన్నచో వేయును. తరువాత ఆయన బావమరదికి ‘మా మేనల్లుడు చదువుకొన్నవాడు, మంచిదేనని చెప్పినాడు’ అని చెప్పును. ఆ క్షణముననే మీరు గొలుసులో ఒక రావీ యైనారు. ఈ మోసములన్నియు పరాయివాని మాటమీద కాక, బంధువు మాటమీద, మిత్రుని మాటమీద, మసీదులో ప్రక్కన నిలిచినవాని మాటమీద ఇల్లిల్లు తిరిగినవి. క్రొత్తవారిని చేర్చినచో కమీషను ఇచ్చెదమని చెప్పునది ఇందుకే. గొలుసును మెడలో వేసికొన్నవానికే దానిని ముందుకు అల్లు పని అప్పగింతురు.

కావున మేనమామ అడిగినప్పుడు ఏమి చేయవలెను? ‘ఆ సలహాదారు నమోదు సంఖ్య అడిగి నాకు పంపుడు, సెబీ జాబితాలో చూచి చెప్పెదను’ అనవచ్చును. ఆ జాబితా అందరికిని తెరచియే ఉన్నది. డిపాజిట్లు పుచ్చుకొను సంస్థ యైనచో, నియంత్రణ లేని డిపాజిట్ పథకములను నిషేధించు 2019 నాటి చట్టమున్నదని చెప్పి, ఎవరి అనుమతితో వసూలు చేయుచున్నారని అడుగవచ్చును. ఇవి చేతగానప్పుడు అన్నిటికంటె పాత పద్ధతి ఒకటి మిగిలియున్నది. ఖుర్ఆనులో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము నమాజును గూర్చి కాదు, ఉపవాసమును గూర్చి కాదు. అప్పు వ్యవహారమును కాగితముమీద పెట్టుటను గూర్చి. చిన్నదైనను, పెద్దదైనను గడువుతో వ్రాయుమని, వ్రాయువాడు న్యాయముగా వ్రాయవలెనని, సాక్షులుండవలెనని అందు ఆదేశము. కనుక సలహాదారు నోటితో చెప్పినదంతయు, ఎంత లాభము, ఎన్ని నెలలకు, నష్టము వచ్చినచో ఎవరిది, మధ్యలో అసలు కావలెనన్నచో ఎన్ని దినములలో ఇచ్చెదరు, ఈ సలహా వలన తనకు ఎక్కడినుండి ఎంత ముట్టును అను వివరములను, తెల్ల కాగితముపై వ్రాసి, పేరు, చిరునామా వేసి, ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేయుమని మేనమామ చేత అడిగింపుడు. ఆ కాగితము వచ్చినచో తీసికొని రండు. వాణిజ్య శాస్త్ర శాఖలోని మిత్రులు, మేము కూర్చుండి మీతో కలిసి చదివెదము.